మెంటరింగ్ మొదలుపెట్టే ముందు ఏమేం తేల్చుకోవాలి? (సంఘ పెద్దలు, యవనస్తుల నాయకుల కోసం చర్చ; ప్రతి పోస్టు పైన రాసినవారి మారుపేరు)

కొత్త పెద్ద

అందరికీ వందనాలు. ఒక సంఘంలో ఇరవై నుంచి ముప్ఫై ఏళ్ళ మధ్యవాళ్ళు ఐదుగురు ఉన్నారనుకోండి. వాక్యం మీద ఆసక్తి ఉంది, ఇద్దరికి సేవలోకి రావాలని కూడా ఉంది. నేర్పగల పెద్దలు ముగ్గురే, ముగ్గురికీ ఉద్యోగాలున్నాయి. ఆదివారం ప్రసంగం, వారం మధ్యలో బైబిల్ స్టడీ ఎలాగూ జరుగుతున్నాయి. వీటికి తోడు మెంటరింగ్, అంటే ఒక్కొక్కరితో విడిగా కూర్చోవడం, నిజంగా అవసరమా? అవసరమైతే ఎన్నాళ్ళు, ఎంతసేపు, కూర్చుని ఏం చేయాలి? "ప్రేమతో నడిపించండి" లాంటి సలహాలకు మాకు కొదవ లేదు. పని ఎలా నడుస్తుందో, ఎక్కడ చెడుతుందో తెలిసినవాళ్ళు చెప్పండి.

తురన్ను బడి

అవసరమే. 2 తిమోతి 3:10-11 తీసి చూడండి. తిమోతి తన దగ్గర చూసి వెంబడించినవి పౌలు వరసగా చెబుతాడు: బోధ, ప్రవర్తన, ఉద్దేశం, విశ్వాసం, దీర్ఘశాంతం, ప్రేమ, ఓర్పు, హింసలు, ఉపద్రవాలు. ఈ తొమ్మిదింటిలో కూర్చుని వింటే వచ్చేది బోధ ఒక్కటే. మిగతావి పక్కనుండి చూస్తేగానీ రావు. మార్కు 3:14లో ప్రభువు పన్నెండుమందిని నియమించిన వరస కూడా అదే, ముందు తనతో ఉండడానికి, తర్వాత పంపడానికి. మన దగ్గర ఆ మొదటి సగం ఎగిరిపోయింది. నాలుగు నెలలు యవనస్తుల కూటానికి వస్తే చాలు, మైకు చేతికిచ్చేస్తున్నాం.

నడిపే తీరు: రెండు వారాలకోసారి, 75 నిమిషాలు. మొదటి 15 మెంటీ (నేర్చుకునేవాడి) సంగతులు, అంటే ఇల్లు, పని, నిద్ర, ప్రార్థన. తర్వాత 30 వాక్యం, ఇద్దరూ ముందే చదివి వచ్చిన భాగం. ఆపైన 20 పరిచర్య, గత రెండు వారాల్లో చేసిన ఒక పని గురించి, రాబోయే రెండు వారాల్లో చేయబోయే ఇంకో పని గురించి. చివరి 10 ప్రార్థన, ఇద్దరూ చేయాలి.

ఏడాదికి 26 కూర్పులు (ఇద్దరూ కలిసి కూర్చునే సార్లు) వస్తాయి. మార్కు సువార్త 16 అధ్యాయాలు, తర్వాత 1 తిమోతి, 2 తిమోతి, తీతు కలిపి 13. చిన్న అధ్యాయాలు రెండేసి కలుపుకుంటే మధ్యలో పండగలకూ జ్వరాలకూ పోగా సరిపోతుంది.

ఎక్కువగా చెడేది రెండు చోట్ల. మొదటి 15 నిమిషాలు సాగి సాగి గంటవుతుంది, వాక్యం "వచ్చేసారి చూద్దాం" అవుతుంది. లేదా వాక్యం తెరవగానే మెంటర్ (నేర్పే పెద్ద) ప్రసంగం ఎత్తుకుంటాడు. మెంటర్ మాటలు మొత్తం సమయంలో మూడో వంతు దాటాయంటే అక్కడ జరిగేది మెంటరింగ్ కాదు, ఒక్కడి కోసం పెట్టిన ఆరాధన.

పదిమందికి ఒకడు

లెక్క వేసుకోకుండా ఎవరికీ మాట ఇవ్వకండి. 75 నిమిషాలకు ముందు చదువుకోవడం, తర్వాత రెండు ముక్కలు రాసుకోవడం కలిపితే కూర్పుకి రెండు గంటలు. 26 సార్లంటే మనిషికి ఏడాదికి 52 గంటలు. ఇద్దరైతే 104, ముగ్గురైతే 156. ఆసుపత్రికీ ఇళ్ళకీ వెంటబెట్టుకుని వెళ్ళే సమయం ఇందులో లేదు. ఉద్యోగం ఉన్న పెద్దకు ఇద్దరు చాలు. ఉత్సాహం కొద్దీ నలుగురిని ఒప్పుకున్నవాడు మూడో నెల నుంచి "ఈ వారం కుదరడం లేదు బ్రదర్" అని మెసేజ్ పెడతాడు. ఆ కుర్రాళ్ళకు అది పెద్ద దెబ్బ, అసలు మొదలుపెట్టకపోయినా బాగుండేది. నిర్గమకాండం 18లో యిత్రో మోషేతో అన్నది కూడా అదే కదా, నువ్వూ నలిగిపోతావు, నీతో ఉన్న జనమూ నలిగిపోతారని.

మీ ఐదుగురికి: ఇద్దరు పెద్దలు చెరి ఇద్దరిని తీసుకోండి. మూడో పెద్ద ఒక్కరినే తీసుకుని మిగతా నలుగురికీ "మూడో మనిషి"గా ఉండాలి. అంటే మూడు నెలలకోసారి ఒక్కొక్కరితో మెంటర్ లేకుండా 20 నిమిషాలు కూర్చుని "ఎలా సాగుతోంది, ఇబ్బందేమన్నా ఉందా" అని అడగాలి. మూడో పెద్ద దగ్గరున్న ఒక్కరికి ఆ పని మిగతా ఇద్దరిలో ఒకరు చేస్తారు. ఈ ఏర్పాటు లేని చోట గొడవ వస్తే మెంటీకి చెప్పుకునే దిక్కుండదు. తిన్నగా సంఘం మారిపోతాడు, కారణం ఎవరికీ తెలియదు.

కొత్త పెద్ద

బాగుంది. ముందే కాగితం మీద ఒప్పందం రాసుకోవాలని కొందరంటారు. ఆత్మీయ సంబంధానికి కాగితమేమిటని మా పెద్దల్లో ఒకరికి అభ్యంతరం.

చర్మపు కాగితాలు

కాగితం నమ్మకం లేక కాదు, గుర్తుండక. ఒక్క పేజీ దాటకూడదు. అందులో ఉండాల్సినవి: ఈ ఏడాదిలో మెంటీ ఏం నేర్చుకోవాలనుకుంటున్నాడు (ఒకటి లేదా రెండు, మూడు కాదు). ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ. మధ్యలో ఫోను ఎప్పుడు చేయవచ్చు. ఏది గుట్టుగా ఉంటుంది, ఏది ఉండదు. మూడో మనిషి ఎవరు. డబ్బు ఇచ్చిపుచ్చుకోవడాలు ఉండవన్న మాట. ఆఖరున ముగిసే తేదీ.

"ఎదగాలి" అని రాయకండి, అది కొలవలేరు. "గృహకూటంలో వాక్యం చెప్పడం నేర్చుకోవాలి", "కోపం వచ్చినప్పుడు ఇంట్లో మాట జారకుండా చూసుకోవాలి", "ఆసుపత్రి పరామర్శ ఒంటరిగా చేయగలగాలి", ఇలా రాస్తే ఆరో నెలలో వెనక్కి తిరిగి చూసుకోవచ్చు.

గుట్టు గురించి ఒక్క మాట గట్టిగా. "నువ్వేం చెప్పినా నాలోనే ఉంటుంది" అని ఏ మెంటరూ మాట ఇవ్వకూడదు, నిలబెట్టుకోలేడు. తన ప్రాణానికి గానీ ఇంకొకరి ప్రాణానికి గానీ ముప్పు ఉన్నా, పిల్లలపై అఘాయిత్యం సంగతి బయటపడినా చెప్పవలసినవాళ్ళకు చెప్పి తీరతానని మొదటి కూర్పులోనే అనాలి. పిల్లల విషయంలో చట్టం ఎవరికి ఫిర్యాదు చేయమంటుందో ముందే కనుక్కుని ఉంచుకోండి. అది సంఘంలో సర్దుబాటు చేసుకునే సంగతి కాదు.

మిగతావన్నీ గుట్టే. భార్యకు చెప్పకూడదు, పాస్టర్ గారికి చెప్పకూడదు, "ప్రార్థన అంశం" అని గ్రూపులో అసలే పెట్టకూడదు. మన సంఘాల్లో చాడీలు ఎక్కువగా మోసేది ప్రార్థన అంశాలే. ఫింకెన్‌వాల్డేలో 1935 నుంచి 1937 వరకు జర్మన్ పాస్టర్ బోన్‌హాఫర్ నడిపిన సేవకుల శిక్షణాలయంలో ఒక నియమం ఉండేది: ఎదుట లేని సహోదరుడి గురించి మాట్లాడకూడదు, మాట్లాడితే ఆ సంగతి వెళ్ళి అతనికే చెప్పాలి. మెంటరింగ్‌కి ఇంతకంటే పనికొచ్చే నియమం దొరకదు.

బెరయ వీధి

నాకు ఈ ఏర్పాటు మీదే అనుమానం. మత్తయి 23:8-10లో ప్రభువు బోధకులనీ గురువులనీ పిలిపించుకోవద్దన్నాడు. కొరింథులో "నేను పౌలువాడను, నేను అపొల్లోవాడను" అన్న జబ్బు ఇక్కడి నుంచే పుట్టింది. ఇప్పుడు "ఫలానా అయ్యగారి ఆత్మీయ కుమారుడిని" అని పరిచయం చేసుకోవడం మామూలైపోయింది. ఆ అయ్యగారు "ప్రభువు నాతో మాట్లాడాడు, నువ్వు ఆ ఉద్యోగం మానెయ్, ఆ సంబంధం ఒప్పుకో" అంటాడు. కుర్రాడు తలాడిస్తాడు. ఇది నడిపింపా, పెత్తనమా?

తురన్ను బడి

పెత్తనమే, అనుమానం లేదు. కానీ మందు మెంటరింగ్ మానేయడం కాదు, హద్దు గీయడం. ఉద్యోగం, పెళ్ళి, చదువు, ఊరు మారడం, ఈ నాలుగింటిలో మెంటర్ నిర్ణయం చెప్పకూడదు. ప్రశ్నలు అడగవచ్చు. వాక్యం స్పష్టంగా పాపమన్నది ఉంటే ధైర్యంగా చెప్పాలి. అంతటితో ఆగాలి. "దేవుడు నీ గురించి నాతో చెప్పాడు" అన్న మాట మెంటర్ నోట వచ్చిందంటే ఎదుటివాడికి ఇక కాదనే దారి ఉండదు, అందుకే అది వాడకూడదు.

సంఖ్యాకాండం 11:26-29 చదవండి. ఎల్దాదు, మేదాదు పాళెంలో ప్రవచిస్తుంటే ఆపమని యెహోషువ మోషేను అడుగుతాడు. శిష్యుడికి గురువు పేరు మీద వచ్చిన రోషం అది. మోషే దాన్ని పొగడ్తగా తీసుకోలేదు. నా నిమిత్తం నీకు రోషమా, యెహోవా ప్రజలందరూ ప్రవక్తలైతే ఎంత బాగుంటుంది అన్నాడు. మీరన్న జబ్బు మొదలయ్యే చోట మెంటర్ చెప్పాల్సిన మాట అదే, వెంటనే, అక్కడికక్కడే.

నీళ్ళ కూజా

అయ్యా, మీరంతా హద్దులూ కాగితాలూ అంటున్నారు. ఎలీషాకు పేరు ఎలా వచ్చింది? 2 రాజులు 3:11లో ఏలీయా చేతుల మీద నీళ్ళు పోసినవాడు అని. సేవకుడి దగ్గర చెప్పులు మోయనివాడు సేవ చేయలేడు. అయ్యగారి ఇంట్లో పని చేయడానికి సిగ్గుపడేవాడికి అభిషేకమెక్కడిది?

బెరయ వీధి

> సేవకుడి దగ్గర చెప్పులు మోయనివాడు సేవ చేయలేడు

నీళ్ళు పోసినవాడన్న మాట అన్నది ఇశ్రాయేలు రాజు సేవకుల్లో ఒకడు, ఎలీషాను గుర్తుపట్టడానికి. అది ఆజ్ఞ కాదు. గేహజీ కూడా ఎలీషా దగ్గర చాలాకాలం పనిచేశాడు, 2 రాజులు 5 చివర్లో ఆశపడి, అబద్ధమాడి కుష్ఠరోగి అయ్యాడు. ఇంటి చాకిరీ వల్ల మనసు మారదు. యోహాను 13:5లో కాళ్ళు కడగడానికి పళ్ళెంలో నీళ్ళు పోసింది బోధకుడా, శిష్యులా?

నీళ్ళ కూజా

గేహజీ సంగతి ఒప్పుకుంటాను. యోహాను 13 కూడా ఒప్పుకుంటాను. కానీ నా మాటలో సగమైనా నిలబడుతుంది. కుర్చీలు వేయమంటే ఆలస్యంగా వచ్చేవాడు, చాపలు మడవమంటే ఫోను చూసుకునేవాడు, ప్రసంగం ఇస్తామంటే ముందు వరసలో ఉంటున్నాడు. వాడిని ఎలా గుర్తుపడతారు మరి?

పదిమందికి ఒకడు

అది న్యాయమైన ప్రశ్న. పని ఇవ్వండి, కానీ సంఘం పని ఇవ్వండి, మీ ఇంటి పని కాదు. మెంటీ చేత మెంటర్ బండి కడిగించుకోకూడదు, పిల్లల్ని బడి నుంచి తెప్పించుకోకూడదు, బిల్లులు కట్టించుకోకూడదు. ఒకసారి సాయం చేస్తే తప్పేం లేదు, అలవాటైతే తప్పు.

ఎంపికకు ముందు మూడు నెలలు ఎవరూ చూడని పని ఒకటి అప్పగించండి. ఆరాధనకు 40 నిమిషాలు ముందొచ్చి తలుపులు తీసి కుర్చీలు సర్దడం, రాలేని ముసలివాళ్ళకు వారానికోసారి ఫోను చేయడం, సండే స్కూల్ హాజరు పుస్తకం రాయడం. చెప్పకుండా ఎన్నిసార్లు ఎగ్గొట్టాడు, రాలేనప్పుడు ముందుగా కబురు చేశాడా అన్నవి మాత్రమే చూడండి. 2 తిమోతి 2:2లో పౌలు కోరింది రెండే: నమ్మకం, ఇతరులకు బోధించే సామర్థ్యం. మనం రెండోదాన్ని ముందు చూసి, మొదటిది తర్వాత వస్తుందనుకుంటాం. రాదు.

ఎర్ర సిరా

ప్రసంగం దిద్దడం గురించి ఎవరూ చెప్పలేదు, నా వాటా అది. మెంటరింగ్‌లో ఎక్కువగా పాడుచేసేది కూడా అదే.

మొదటి ప్రసంగానికి 12 నిమిషాలు చాలు, గృహకూటంలో, పదిమంది ముందు. పది రోజుల ముందు వాక్యభాగం ఖాయం చేయాలి, 8 నుంచి 12 వచనాలు. ఏడు రోజుల ముందు మెంటీ ఒకే వాక్యంలో రాసి తేవాలి: ఈ భాగం ఏం చెబుతోంది? ఆ వాక్యం కుదరకపోతే ముందుకు పోవద్దు. "ప్రార్థన గురించి" అని రాస్తే అది అంశం, వాక్యం కాదు. "జవాబు ఆలస్యమైనా దేవుడు వింటున్నాడు కాబట్టి విసుగక అడగాలి" అంటే అది వాక్యం. మూడు రోజుల ముందు నోట్సు చూడాలి. ముందురోజు ఏమీ మార్చకూడదు, మార్చినవాడు కూటంలో తడబడతాడు.

చెప్పేటప్పుడు ఫోనులో రికార్డు పెట్టండి. అయిపోయాక అదే రోజు తప్పులు చెప్పకండి. "దేవుడు నీ చేత మాట్లాడించాడు, వందనాలు" అని ఇంటికి పంపండి. రెండు రోజుల తర్వాత మెంటీ తన రికార్డు తానే విని, చేతిలో కాగితంతో రావాలి. ఆ వినడంలోనే సగం పని అయిపోతుంది. "హల్లెలూయా" ఎన్నిసార్లు ఊతపదంగా వచ్చిందో, వాక్యం చదవడానికి ముందు ఉపోద్ఘాతం ఎన్ని నిమిషాలు తిన్నదో తానే పట్టుకుంటాడు. 12 నిమిషాల్లో ఐదు ఉపోద్ఘాతానికి పోతే మిగిలేది ఏడు, అందులో ముగింపు రెండు, వాక్యానికి ఐదు. ఈ లెక్క కాగితం మీద చూపిస్తే ఇంక ప్రసంగం అక్కర్లేదు.

అప్పుడు మెంటర్ బాగున్నవి రెండు చెప్పాలి, ఎక్కడ బాగుందో వచనంతో సహా. మార్చుకోవలసింది ఒక్కటే చెప్పాలి. తొమ్మిది తప్పులు కనబడతాయి, నాకు తెలుసు. ఎనిమిది దాచుకోండి. వాక్యానికి విరుద్ధమైన బోధ దొర్లితే మాత్రం అదే ముందు.

ఇంకొకటి. ఆరు నెలలకల్లా కుర్రాడు మెంటర్ గొంతుతోనే మాట్లాడుతుంటాడు, అదే దగ్గు, అదే చెయ్యి ఊపడం. నవ్వి వదిలేయకండి. వేరే ఇద్దరి ప్రసంగాలు వినమని, ఒకే భాగాన్ని వాళ్ళెలా చెప్పారో రాసి తెమ్మని పని ఇవ్వండి.

చర్మపు కాగితాలు

ఎర్ర సిరా గారన్న పనికి పాత నమూనా ఉంది. కేంబ్రిడ్జిలో చార్లెస్ సిమియోను 1782 నుంచి 1836లో కన్నుమూసేదాకా ఒకే సంఘానికి కాపరి. సేవకు వెళ్ళబోయే విద్యార్థులను తన గదులకు పిలిచి ప్రసంగం ఎలా కట్టాలో నేర్పేవాడు, వేరే రోజున ప్రశ్నలకు కూర్చునేవాడు. అతని దగ్గర సహాయకుడిగా ఉన్న హెన్రీ మార్టినే తర్వాత భారతదేశానికి వచ్చి కొత్త నిబంధనను ఉర్దూలోకి అనువదించాడు.

మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ క్లాసుల (చిన్న గుంపుల) కథ ఇంకా తమాషా. 1742లో బ్రిస్టల్లో కూడిక భవనం అప్పు తీర్చడానికి ఒక్కొక్కరు వారానికో పెన్నీ ఇద్దామనుకున్నారు. సుమారు పన్నెండుమందికి ఒకరు చొప్పున వసూలు చేసేవాళ్ళను పెట్టారు. ఇంటింటికీ తిరిగేసరికి ఎవరి ఇంట్లో తాగుడు ఉందో, ఎక్కడ తగాదా ఉందో బయటపడింది. వసూలుదారుడు కాస్తా ఆత్మల బాగోగులు అడిగేవాడయ్యాడు. ఇంటి గడప తొక్కితే తెలిసేది గుడిలో తెలియదు.

వార్డు సందర్శకుడు

పరామర్శ నేర్పే వరస చెబుతాను. మొదటి రెండుసార్లు మెంటీ వెంట వచ్చి ఊరికే నిలబడాలి. మూడోసారి కీర్తన చదవాలి. నాలుగోసారి ప్రార్థన చేయాలి. ఐదోసారి అంతా అతనే నడపాలి, మెంటర్ నోరు మెదపకూడదు. ఆరోసారి ఇంకో యవనస్తుడిని తీసుకుని అతనే వెళ్ళాలి. ప్రతిసారీ తిరుగుదారిలో పావుగంట మాట్లాడుకోండి, ఇంటికి చేరాక గుర్తుండదు.

లోపలికి వెళ్ళేముందు చేతులు కడుక్కోవాలి, ఫోను మూగబెట్టాలి. మంచం మీద కూర్చోవద్దు. కుర్చీ లాక్కుని రోగి కళ్ళకు ఎదురుగా కూర్చోవాలి. పైన నిలబడి మాట్లాడితే అతను మెడ ఎత్తాలి. పది నిమిషాలు, అంతే. "ఏం జబ్బు, డాక్టర్ ఏమన్నాడు" అని తవ్వకూడదు, చెబితే వినాలి. ప్రార్థన చేయమంటారా అని అడగాలి, పక్క మంచాలవాళ్ళు ఉలిక్కిపడే గొంతుతో వద్దు. 23వ కీర్తన ఆరు వచనాలు, 121 ఎనిమిది, చాలు. "రేపటికల్లా లేచి తిరుగుతారు" అని ప్రభువు పేరున మాట ఇవ్వకూడదు. మందులు మానమని పొరపాటున కూడా అనకూడదు. డాక్టర్ వస్తే మాట మధ్యలోనైనా లేచి బయటికి రావాలి.

కొత్తవాళ్ళు తప్పటడుగు వేసేది నిశ్శబ్దం దగ్గర. అర నిమిషం ఎవరూ మాట్లాడకపోతే భయపడి ఏదో ఒక సాక్ష్యం ఎత్తుకుంటారు. ఆ అర నిమిషం ఓర్చుకోవడం మెంటర్‌ని చూసి నేర్చుకోవాలి. నోట్సు ఇస్తే రాదు.

లోయి మనవరాలు

ఐదుగురు "కుర్రాళ్ళే" అన్నట్టు సాగుతోంది చర్చ. ఆ ఐదుగురిలో అమ్మాయిలు లేరా, కొత్త పెద్ద గారూ?

తీతు 2:3-5 ప్రకారం స్త్రీలకు స్త్రీలే మెంటర్లు. దానికి పెద్దల భార్యలే కానక్కర్లేదు. ఇరవై ఏళ్ళుగా విశ్వాసంలో నిలబడిన ఎవరైనా సరే. "నాకు చదువు లేదమ్మా, ఏం నేర్పుతాను" అంటారు, అక్కడే ఆగిపోకండి. వాక్యం వినిపించే యాప్ పెట్టుకుని ఇద్దరూ కలిసి వింటే అధ్యాయం అయిపోతుంది. మిగతా 45 నిమిషాలకు ఆమె జీవితమే పాఠం. ఎలీసబెతు దగ్గర మరియ ఉన్నది సుమారు మూడు నెలలు (లూకా 1:56), ఇద్దరివీ ఎవరికీ చెప్పుకోలేని పరిస్థితులే.

స్త్రీ పురుషులు పని మీద మాట్లాడుకోవలసి వస్తే ముగ్గురుగా, లేదా నలుగురికీ కనబడే చోట, తలుపు తీసి. రాత్రి తొమ్మిది దాటాక విడి మెసేజ్‌లు వద్దు. పని సంగతులు ముగ్గురున్న గ్రూపులో. 1 తిమోతి 5:2లో "పూర్ణపవిత్రతతో" అని పౌలు ఊరికే అనలేదు. 1738లో వెస్లీ పెట్టిన చిన్న గుంపుల్లో కూడా స్త్రీలు వేరు, పురుషులు వేరు, అందులో పెళ్ళయినవాళ్ళు కానివాళ్ళు వేరు.

ఇంకో మాట, పాస్టర్ల భార్యలకు మెంటర్ ఎవరు? సొంత సంఘంలో ఎవరికి చెప్పుకున్నా అది సంఘం సంగతి అయిపోతుంది. కాబట్టి వేరే సంఘంలో పెద్దావిడను చూసి పెట్టాలి. దూరమైతే నెలకోసారి వీడియో కాల్ చాలు.

కొత్త పెద్ద

అమ్మాయిలు ఇద్దరున్నారక్కా, నేనే చెప్పలేదు. అంటే పెద్దలకు ముగ్గురే మిగులుతారు, లెక్క తేలికైంది. అమ్మాయిల కోసం ఇద్దరు అక్కలను అడుగుతాం. వీడియో కాల్‌తో అందరికీ నడిపించవచ్చా?

తురన్ను బడి

వాక్యం చదవడానికి, మాట్లాడుకోవడానికి పరవాలేదు. పరామర్శ, బాప్తిస్మం సిద్ధపాటు, తగాదా తీర్చడం స్క్రీన్ మీద నేర్పలేం. మూడింట ఒకటి ఎదురెదురుగా ఉండేలా చూసుకోండి. కాల్ అయితే గంటకు మించొద్దు.

పెర్గే దారి

మధ్యలో వదిలేసి వెళ్ళిపోయినవాడి సంగతేమిటి? అపొస్తలుల కార్యములు 13:13లో పౌలు బర్నబాలతో బయల్దేరిన మార్కు (యోహాను అని కూడా పేరు) పెర్గే నుంచి వెనక్కి వెళ్ళాడు. 15వ అధ్యాయంలో అతని మీదే పౌలుకూ బర్నబాకూ తీవ్రమైన వాదం. బర్నబా అతన్ని తీసుకుని కుప్రకు వెళ్ళాడు. మధ్యలో ఏం జరిగిందో లేఖనం చెప్పదు. 2 తిమోతి 4:11కి వచ్చేసరికి మార్కు పరిచర్యకు ప్రయోజనకరమైనవాడు, అతన్ని వెంటబెట్టుకుని రమ్మని అదే పౌలు రాస్తాడు.

దీన్ని పట్టుకుని "బర్నబా మంచివాడు, పౌలు కఠినుడు" అని తేల్చేస్తారు. నాకు అలా అనిపించదు. ప్రమాదమున్న ప్రయాణానికి నిలకడ లేనివాడిని తీసుకెళ్ళనన్నది పౌలు బాధ్యత. బర్నబా దారి మార్చాడు: వేరే మనిషి, వేరే ప్రయాణం. కుప్ర బర్నబా పుట్టిన చోటు, ఎరిగిన నేల.

పనిలో పెడితే ఇలా ఉంటుంది. వదిలేసినవాడికి మొదటి వారంలోనే ఒక ఫోను, తిట్టడానికి కాదు, బతికున్నావా అని. నెలరోజులు పరిచర్య మాట ఎత్తొద్దు. తర్వాత కారణం వెతకండి: భయమా, ఇంట్లో ఇబ్బందా, పాపమా, మెంటర్‌తో పడలేదా? నాలుగింటికీ నాలుగు దారులు. భయమైతే చిన్న పని. ఇల్లయితే విరామం, పని వద్దు. పాపమైతే మత్తయి 18:15 వరస (ముందు ఒంటరిగా తప్పు చెప్పడం), పరిచర్య ఆపి, పునరుద్ధరణకు గడువు పెట్టి. మెంటర్‌తో పడకపోతే మెంటర్‌ని మార్చండి, దాన్ని ఎవరూ అవమానంగా తీసుకోకూడదు. నిద్ర లేక, తిండి మానేసి, బతకాలని లేదంటున్నాడంటే మాత్రం అది మెంటర్ స్థాయి దాటింది. ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. ప్రార్థన ఆపమని కాదు, డాక్టర్ని ఆపొద్దని.

నీళ్ళ కూజా

ఈ ఒక్క పోస్టు మా పెద్దలందరికీ పంపుతున్నాను. ఎవరైనా వెనక్కి పోతే మేం చేసేది "దేవుడు అతన్ని వడకట్టాడు" అని ప్రకటించడమే.

బెరయ వీధి

నా ఆఖరి అనుమానం. ఏడాది అయ్యాక? చాలాచోట్ల ఇది ముగియదు. నలభై ఏళ్ళొచ్చినా వాడు "మా కుర్రాడే".

పదిమందికి ఒకడు

సంఖ్యాకాండం 27:18-23. మోషే బతికుండగానే, యాజకుడు ఎలియాజరు ఎదుట, సమాజమంతా చూస్తుండగా యెహోషువ మీద చేతులుంచాడు. 20వ వచనం గమనించండి, తన ఘనతలో కొంత అతని మీద ఉంచమన్నాడు దేవుడు. జనం ఇతని మాట వినడం మోషే ఉండగానే మొదలవ్వాలి. అప్పగింత నాలుగు గోడల మధ్య జరిగితే జనం పాత మనిషి దగ్గరికే వస్తారు, కొత్తవాడు పేరుకే నాయకుడు.

కాబట్టి పదో నెలలోనే ఒక పని పూర్తిగా అప్పగించండి, సంఘంలో ప్రకటించండి. ఆ పని గురించి ఎవరైనా మెంటర్‌ని అడిగితే "అది అతన్ని అడగండి" అనాలి. పది మందిలో తొమ్మిది మంది మెంటర్లు ఇక్కడే జారతారు. అడిగినవాళ్ళకు తామే జవాబిచ్చేస్తారు, మొహమాటంతోనో, ముచ్చటపడో. పన్నెండో నెలలో కాగితం తీసి, రాసుకున్న ఒకటి రెండు లక్ష్యాలు చూసి, ముగించండి. స్నేహం ఉంటుంది, కూర్పులు ఉండవు. ఇంకా అవసరమనిపిస్తే మూడు నెలలు ఆగి, కొత్త లక్ష్యంతో, వీలైతే వేరే మెంటర్‌తో.

చర్మపు కాగితాలు

మోషే తర్వాత యెహోషువ అలా ఎవరినీ నిలబెట్టినట్టు కనబడదు. న్యాయాధిపతులు 2:10లో యెహోవాను ఎరుగని తరం లేస్తుంది. అది యెహోషువ తప్పని లేఖనం అనలేదు, అంత దూరం వెళ్ళొద్దు. కానీ రెండు భాగాలూ పక్కపక్కన పెట్టి మీ ముగ్గురు పెద్దలూ ఒకసారి చదవండి.

బోధకుడు అపొల్లో విషయంలో ఇంకో ముక్క చాలామంది దాటేస్తారు. అకుల ప్రిస్కిల్ల అతన్ని సమాజమందిరంలో అందరి ముందూ దిద్దలేదు, చేర్చుకుని మరి పూర్తిగా వివరించారు (అపొ. 18:26). అతనికి అప్పటికే లేఖనాల్లో ప్రావీణ్యం ఉంది, లోటు ఒకచోటే. ఆ లోటే పూడ్చారు, మొదటి నుంచి మొదలుపెట్టలేదు. తర్వాతి వచనంలో సహోదరులు అకయలోని శిష్యులకు అతన్ని చేర్చుకొమ్మని ఉత్తరం రాశారు. ముగింపులో మీరూ ఒక ఉత్తరం రాయండి: ఏం నేర్చుకున్నాడు, ఏ పని అప్పగించవచ్చు, ఇంకా ఏది పట్టుబడాలి. పొగడ్తలు వద్దు. మరో ఊరికి బదిలీ అయితే అక్కడి సంఘానికి చూపించుకుంటాడు.

కొత్త పెద్ద

అందరికీ వందనాలు. వచ్చే నెల మొదటి శనివారం పెద్దలం, అక్కలం కూర్చుంటున్నాం. ఒక్కటి మిగిలింది. కూర్పుల్లో మెంటర్ రాసుకున్న నోట్సు ముగిశాక ఏం చేయాలి?

లోయి మనవరాలు

రాసేటప్పుడే జాగ్రత్తపడాలి తమ్ముడూ. తేదీ, చదివిన అధ్యాయం, ఇచ్చిన పని, ఇవి మూడే రాయాలి. ఒప్పుకోలు సంగతులు కాగితం ఎక్కకూడదు, ఫోను అసలే ఎక్కకూడదు. చివరి రోజున ఆ పుస్తకం మెంటీ చేతికే ఇచ్చేయండి, కాపీ ఉంచుకోవద్దు. ప్రాణహాని, పిల్లల విషయాల్లో చెప్పవలసినవాళ్ళకు చెప్పిన సంగతేమన్నా ఉంటే అది మాత్రం వేరే కాగితం, తేదీతో, సంతకంతో, పెద్దల దగ్గర తాళంలో ఉండాలి.